గుటకలు వేసే గ్యాస్ డబ్బా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో గడ్డి కోసే మోయర్, మంచు ఊడ్చే స్నో బ్లోయర్, కరెంటు పోతే ఆదుకునే జనరేటర్, వీటిలో ఏదున్నా పక్కన పెట్రోలు నింపిన ఒక ఎర్ర ప్లాస్టిక్ డబ్బా తప్పదు. ఒలకకూడదని చేసిన దాని మూతే ఎక్కువ ఒలకబోస్తోందన్నది ఈసారి వచ్చిన ఉత్తరాల సారాంశం. ఇక్కడివాళ్లు గ్యాస్ అనేదాన్ని జవాబుల్లో పెట్రోలు అనే రాస్తున్నాం. ఆవిరికీ ద్రవానికీ తేడా తెలియడం ఈ విషయంలో చాలా ముఖ్యం, అందుకని.

ప్రశ్న: కొత్తగా కొన్న 5 గ్యాలన్ల డబ్బాతో మోయర్‌లో పోస్తుంటే ముందు చుక్క చుక్కగా వస్తుంది. కాసేపటికి గుబుక్కున వచ్చి ఇంజన్ మీద పడుతుంది. డబ్బా లోపమా, పట్టుకోవడం తెలియకపోవడమా? (టెక్సస్ నుంచి)

జవాబు: డబ్బాకి గాలి అందడం లేదు. ఒక గ్యాలన్ పెట్రోలు బయటికి రావాలంటే ఒక గ్యాలన్ గాలి లోపలికి పోవాలి. పాత డబ్బాలకు వెనకవైపు చిన్న బిరడా ఉండేది. అది తీస్తే గాలి అటునుంచి వెళ్లేది, పెట్రోలు ఇటునుంచి ధారగా దిగేది. ఇప్పుడు అమ్మే వాటిలో చాలావాటికి ఆ బిరడా లేదు. వచ్చే పెట్రోలుకీ పోయే గాలికీ ఒకటే మూతి. లోపల గాలి తగ్గి పీడనం పడిపోగానే ధార ఆగుతుంది, ఒక పెద్ద బుడగ లోపలికి దూరగానే మళ్లీ తెగబడుతుంది. మీకు వినిపించే గుటక శబ్దం ఆ బుడగదే.

మూతి గొట్టం కొసని వెలుతురులో పెట్టి చూడండి. చాలా రకాల్లో పెద్ద రంధ్రం పక్కనే ఇంకో సన్నని రంధ్రం ఉంటుంది. గాలి దారి అదే. ట్యాంకులో పెట్రోలు మట్టం పెరిగి ఆ సన్న రంధ్రాన్ని ముంచగానే గాలి ఆగిపోతుంది, దాంతో ధారా ఆగిపోతుంది. ట్యాంకు పొంగకుండా కావాలనే అలా చేశారు. కారు ట్యాంకు లాంటి లోతైనదానికి ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది. మోయర్ ట్యాంకు లోతు తక్కువ. గొట్టాన్ని పూర్తిగా లోపలికి దించితే కొస అప్పటికే ఉన్న పెట్రోలులో మునుగుతుంది, మొదటి క్షణం నుంచే గాలి దొరకదు. "రావడం లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఇదే. మనం చేసేదేమో ఇంకా లోపలికి నొక్కడం!

ఇలా చేసి చూడండి. ముందు ఇంజన్ చల్లారనివ్వండి. డబ్బాని నేలమీద నిటారుగా నిలబెట్టి, గొట్టం కొస పైకి ఉండగానే, ముఖానికి దూరంగా తిప్పి, మూతిని తెరిచే మీటని మూడు సెకన్లు నొక్కి వదలండి. సుయ్‌మని గాలి పోయినా వచ్చినా లోపలి పీడనం బయటి పీడనంతో సమమవుతుంది. తర్వాత కొసని ట్యాంకు నోట్లో ఒక అంగుళం మాత్రమే ఉంచి, డబ్బాని మెల్లగా వంచి, అప్పుడు మీట నొక్కండి. నిండు డబ్బాని ఒక్కసారిగా తలకిందులు చేస్తే గాలి దారి లోపలి కొస మీద బరువైన పెట్రోలు కూర్చుంటుంది. వాలు తక్కువగా మొదలుపెట్టి, డబ్బా ఖాళీ అయ్యేకొద్దీ పెంచుకుంటూ పోవాలి. మట్టం ట్యాంకు మెడకి అంగుళం కింద ఉండగానే మీట వదలండి. అయిదు సెకన్లు ఆగి, గొట్టంలో మిగిలింది దిగాక, కొసని పైకి తిప్పుతూ బయటికి తీయండి. చివర్లో కారే ఆ రెండు మూడు చెంచాలే ఎక్కువసార్లు ఇంజన్ మీద పడేవి. వాటికి ఓపిక తప్ప వేరే మందు లేదు.

మీట బదులు గొట్టానికి ఉన్న కొక్కెం ట్యాంకు అంచుకి తగిలించి బరువుతో కిందికి నొక్కితే తెరుచుకునే రకం ఉంది. సన్నని ప్లాస్టిక్ అంచులున్న చిన్న ట్యాంకులకి అది పనికిరాదు. నొక్కినప్పుడు కొక్కెం అంచు మీంచి జారిపోతుంది, స్ప్రింగ్ ఎగదన్నుతుంది, చేతిలోని డబ్బా పక్కకి పోతుంది. మీది ఆ రకమైతే నేర్పు పెంచుకోవడం కన్నా బొటనవేలితో నొక్కే మీట ఉన్నదానికి మారడమే మేలు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందటి డబ్బా ఇప్పటికీ హాయిగా పోస్తుంది. ఇంత బాగున్నదాన్ని ఎందుకు మార్చారు? (ఒహాయో)

జవాబు: రెండు వేర్వేరు సమస్యల కోసం మార్చారు. రెండూ నిజమైనవే.

మొదటిది ఆవిరి. మూత సరిగ్గా పెట్టని డబ్బా షెడ్డులో ఉన్నన్నాళ్లూ పెట్రోలు గాలిలో కలుస్తూనే ఉంటుంది, పొగమంచు లాంటి కాలుష్యానికి తోడవుతుంది. అంతేకాదు, ప్లాస్టిక్ గోడల్లోంచి కూడా కొంత ఆవిరి బయటికి పోతుంది. కాలిఫోర్నియా 2001 నుంచి దీనికి నిబంధనలు అమలు చేసింది. దేశమంతటికీ ఇ.పి.ఎ. (కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ) నిబంధన 2009 జనవరి 1 తర్వాత తయారైన డబ్బాలకి వర్తించింది. గ్యాలన్‌కి రోజుకి 0.3 గ్రాములకి మించి ఆవిరి పోకూడదు, మూతి తనంతట తానే మూసుకోవాలి. వెనక బిరడా పోవడానికి మూలం ఇదే. జనం బిరడా తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోయేవారు.

రెండోది పిల్లలు, మంటలు. పసిపిల్లలు తెరవలేని మూతలు ఉండాలన్న చట్టం 2008లో వచ్చింది, 2009 నుంచి అమలైంది. మంట డబ్బా లోపలికి పాకకుండా ఆపే జల్లెడ ఉండాలన్న చట్టం 2020 డిసెంబరులో వచ్చింది, 2023 జూలై 12 నుంచి తయారైనవాటికి వర్తిస్తోంది. ఈ జల్లెడ లేకపోవడం మీద పడిన దావాల భారంతోనే దేశంలో అతి పెద్ద డబ్బాల తయారీ సంస్థ బ్లిట్జ్, ఓక్లహోమాలో, 2011లో దివాలా కోరి, 2012లో మూతపడింది.

అంటే చట్టం గాలి వద్దని చెప్పలేదు, మూసుకోని రంధ్రం వద్దంది. ఆ రెండింటికీ మధ్య మంచి మూతి తయారుచేయడం కష్టం, ఖర్చు. చౌక డబ్బాల్లో ఆ శ్రద్ధ పెట్టలేదు. కోపం వస్తే రావలసింది అక్కడ. గాలి రంధ్రాలున్న డబ్బాలు చేయమని తయారీదారులను ప్రోత్సహిస్తూ ఇ.పి.ఎ. 2025 జూలైలో ప్రకటన ఇచ్చింది కూడా. కొనేటప్పుడు అలాంటివి వచ్చాయేమో చూడండి.

మీ పాత డబ్బా వాడుకోవచ్చా అంటే, ఆ కేంద్ర నిబంధనలు తయారీకీ అమ్మకానికీ సంబంధించినవి. ఇంట్లో ఉన్నదాన్ని పారేయమని చెప్పవు. కానీ ఇరవై ఏళ్లు ఎండా చలీ తిన్న ప్లాస్టిక్‌ని చేత్తో నొక్కి చూడండి. పిడి మొదట్లో, అడుగు మూలల్లో వెంట్రుకలాంటి తెల్లటి గీతలు కనిపిస్తే, రంగు వెలిసి సున్నంలా చేతికంటితే, దాని పని అయిపోయినట్టే. వెనక బిరడా పోయి దాని స్థానంలో గుడ్డ కుక్కినవి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఉన్నవి, బాగున్నా వాడకూడదు.

ప్రశ్న: కొత్త డబ్బాకి వెనకవైపు అర అంగుళం రంధ్రం చేసి, విడిగా అమ్మే ప్లాస్టిక్ బిరడా బిగిస్తే పాతదానిలా పోస్తుందంటున్నారు. చేయొచ్చా? (జార్జియా)

జవాబు: పోస్తుంది. ఆ మాట నిజమే, అందుకే అంతమంది చేస్తున్నారు. మా సలహా మాత్రం వద్దనే. కారణాలు చెప్తాం, తూచుకోండి.

ఒకటి. వాడిన డబ్బాకి డ్రిల్ పెట్టడం ప్రాణాంతకం. "ఖాళీదే కదా" అనుకుంటారు. నిండు డబ్బాలో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ డబ్బా నిండా ఉండేది ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఎంత ఉన్నా నిప్పురవ్వకి అంటుకుంటుంది. చాలా డ్రిల్‌ల మోటారు లోపల రవ్వలు పుడుతూనే ఉంటాయి. నీళ్లతో ఒకసారి కడిగితే చాలదు. ప్లాస్టిక్ గోడలు పీల్చుకున్న పెట్రోలు రోజుల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది.

రెండు. ఎన్నడూ పెట్రోలు పోయని కొత్త డబ్బాకే చేశారనుకుందాం. ఆ బిరడా తోసి బిగించేది, మరలు ఉండవు. అది నిలవాలంటే రంధ్రం కచ్చితంగా గుండ్రంగా, అంచు నున్నగా రావాలి. డబ్బా గోడ మందం అంతటా ఒకేలా ఉండదు, మూల దగ్గర పలుచబడుతుంది. కాస్త కోడిగుడ్డు ఆకారంలో వస్తే చాలు, ఎండలో డబ్బా ఉబ్బినప్పుడు ఆ చుట్టూ చెమ్మగిల్లుతుంది. కారు డిక్కీలో పక్కకి పడిందా, అక్కడినుంచే కారుతుంది. తొలిచిన ప్లాస్టిక్ తునకలు లోపల పడి కార్బురేటర్ దాకా వెళ్లి ఇరుక్కోవడం మరో బాధ.

మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది. మంటని ఆపే జల్లెడ మూతి దగ్గర ఉంటుంది. మీరు చేసిన రంధ్రానికి జల్లెడ లేదు. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టడమే అది. పిల్లలు తెరవలేని మూత అన్న రక్షణ కూడా పోతుంది, ఆ బిరడాని నాలుగేళ్ల పిల్ల గోటితో లాగేస్తుంది.

"నీళ్లకి, రేసు బండ్లకి" అని అమ్మే చదరపు జగ్గుల గురించీ ఇదే ఉత్తరంలో అడిగారు. వాటికి గాలి బిరడా, లావుపాటి గొట్టం ఉంటాయి, క్షణాల్లో పోస్తాయి. కానీ పెట్రోలు డబ్బాగా కాదు, మామూలు జగ్గుగా అమ్ముతారు. ఆ మాట చీటీ మీదే ఉంటుంది. పై రక్షణలేవీ వాటికి ఉండనక్కర్లేదు. ఇంట్లో పెట్రోలు నిలవ ఉంచడానికి అవి కావు.

ప్రశ్న: మరి గాలి బిరడా లేకుండా, రంధ్రం చేయకుండా, తేలిగ్గా పోసే దారి లేదా? అమ్మకి డెబ్బై ఏళ్లు, వేళ్ల కీళ్ల నొప్పులు. మీట నొక్కి పట్టుకోలేరు. జనరేటర్ మాత్రం ఆవిడే చూసుకోవాలి. (ఫ్లోరిడా)

జవాబు: ఉన్నాయి. ఆవిడ విషయంలో ముందు మార్చవలసింది డబ్బా సైజు. పెట్రోలు గ్యాలన్‌కి 6 పౌండ్లకి కాస్త పైన తూగుతుంది. 5 గ్యాలన్లంటే డబ్బాతో కలిపి 33, 34 పౌండ్లు, అంటే 15 కిలోల పైమాటే. దాన్ని ఎత్తి, వంచి, వణక్కుండా పట్టుకుని, అదే చేత్తో స్ప్రింగ్ నొక్కడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం. 2 గ్యాలన్ల డబ్బాలు రెండు మూడు కొని, ఒక్కోటీ ముప్పాతిక వంతే నింపి ఇవ్వండి. అప్పుడు చేతిలోకి వచ్చే బరువు 11 పౌండ్లకి మించదు.

వంచడమే వద్దనుకుంటే చేతి పంపు. పెట్రోలుకి తగినదని రాసి ఉన్న పంపు మాత్రమే, మామూలు నీళ్ల పంపు రబ్బరు ఉబ్బిపోతుంది. డబ్బా నేలమీదే నిటారుగా ఉంటుంది, ఒక గొట్టం డబ్బాలో, ఒకటి ట్యాంకులో. మూత తీసే ఉంటుంది కాబట్టి గాలి దానంతట అదే వెళ్తుంది, గుటకల సమస్యే లేదు. 2023 తర్వాత తయారైన డబ్బా అయితే నోట్లో ఉన్న జల్లెడ పంపు గొట్టానికి అడ్డుపడుతుంది. జల్లెడని పొడిచి తీయకండి. ఆ గొట్టం పట్టే డబ్బాయో కాదో కొనేముందే చూసుకోండి.

గొట్టం కొసకి ఇత్తడి గుండు ఉన్న సైఫన్, అంటే పైనున్న డబ్బాలోంచి కిందున్న ట్యాంకులోకి పెట్రోలు దానంతట అదే పారే గొట్టం, ఇంకోటి. లోపల ఒక గోళీ ఉంటుంది. ఇత్తడి కొసని పెట్రోలులో ముంచి పైకీ కిందికీ పది పన్నెండుసార్లు చిన్నగా ఊపితే ధార మొదలవుతుంది. రెండు నియమాలు: డబ్బా ట్యాంకు కన్నా ఎత్తులో కదలని బల్ల మీద ఉండాలి, గొట్టం రెండో కొస ట్యాంకులో పెట్టాకే ఊపడం మొదలుపెట్టాలి. ధార ఆగాలంటే ఇత్తడి కొసని పెట్రోలు పైకి లేపితే చాలు. దీనికీ జల్లెడ అడ్డమే. ఇక నోటితో పీల్చడం ఎంతమాత్రం కూడదు. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా లాంటి ప్రమాదం వస్తుంది. మింగినవాళ్లకి వాంతి చేయించడం కూడా తప్పు, అదే పెట్రోలు రెండోసారి ఊపిరితిత్తుల వైపు వెళ్తుంది. వెంటనే విషప్రమాదాల్లో సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్‌కి 1-800-222-1222 నంబరుకి ఫోన్ చేయాలి.

డబ్బు పెట్టగలిగితే, మా దృష్టిలో అన్నిటికన్నా మంచి జవాబు టైప్ 2 సేఫ్టీ క్యాన్. కర్మాగారాల్లో వాడే రేకు డబ్బా, జస్ట్‌రైట్, ఈగిల్ లాంటివాళ్లు చేస్తారు. నింపడానికి ఒక నోరు, పోయడానికి వంగే లోహపు గొట్టంతో ఇంకో నోరు. పిడి దగ్గర మీట పిండితే గాలి దారీ పెట్రోలు దారీ కలిసే తెరుచుకుంటాయి, వదిలితే స్ప్రింగ్ రెంటినీ మూస్తుంది. మంటని ఆపే జల్లెడ, పీడనం పెరిగితే దానంతట అదే వదిలే మూత, అన్నీ దానిలోనే ఉన్నాయి. ధార సన్నగా, తిన్నగా, గుటక లేకుండా వస్తుంది. ప్లాస్టిక్ డబ్బా కన్నా ఖరీదు ఎక్కువే, బరువూ ఎక్కువే. అమ్మగారికి 2 గ్యాలన్ల సైజు చూడండి, దుకాణంలో మీట ఒకసారి ఆవిడ చేతే పిండించి కొనండి. అందరి వేళ్లకీ ఒకే స్ప్రింగ్ సరిపోదు.

జనరేటర్ నడుస్తుండగా పెట్రోలు పోయకూడదని, ఆపి పదిహేను నిమిషాలైనా చల్లారనివ్వాలని ఆవిడకి పెద్ద అక్షరాలతో రాసి అక్కడే అంటించండి.

ప్రశ్న: వేసవిలో గరాజ్‌లో డబ్బా బంతిలా ఉబ్బుతోంది. మీట నొక్కగానే మొహం మీదికి చిమ్మింది. చలికాలం లోపలికి నొక్కుకుపోతోంది. (అరిజోనా)

జవాబు: కొత్త మూతులు గాలి చొరనివ్వనంత బిగువుగా మూసుకుంటాయి కాబట్టి ఉబ్బడం, నొక్కుకుపోవడం సహజం. కొద్దిగా ఉబ్బితే భయం లేదు, డబ్బాలు దానికి తగ్గట్టే చేస్తారు. చిమ్మడం మాత్రం మన తప్పిదం వల్ల. మీట నొక్కేటప్పుడు డబ్బా వంగి ఉంది, లోపలి ఆవిరి పెట్రోలుని తోసేసింది. మొదటి జవాబులో చెప్పిన మూడు సెకన్ల పని, నిటారుగా, నేలమీద, ఆరుబయట, ఇక్కడే అక్కరకొస్తుంది. నిటారుగా ఉంటే పోయేది ఆవిరి ఒక్కటే.

నింపే కొలత కూడా చూసుకోండి. 20 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే పెట్రోలు దాదాపు 2 శాతం పెరుగుతుంది. నిండు 5 గ్యాలన్ల డబ్బాలో అది 12 ఔన్సులు, ఒక కూల్‌డ్రింక్ డబ్బా అంత. పెరగడానికి చోటు లేకపోతే మూతి వాషర్ల మీద పడుతుంది ఆ భారం. 95 శాతానికి మించి నింపొద్దు.

గరాజ్‌లో నీళ్లు కాచే హీటర్ ఉందా? గ్యాస్‌తో నడిచే హీటర్ అడుగున చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేల మీద పాకుతూ ఆ మంట దాకా పోతుంది. ఉబ్బిన డబ్బాని ఆ గదిలో తెరవకండి. అసలు అక్కడ పెట్టకండి. ఇంటికి విడిగా ఉన్న, గాలి ఆడే షెడ్డు దాని చోటు.

ప్రశ్న: బంకు దగ్గర నింపేటప్పుడు జల్లెడ అడ్డుపడి నురగ పైకి తంతోంది. (న్యూజెర్సీ)

జవాబు: మీ రాష్ట్రంలో బంకు పనివాళ్లే పోస్తారు, మీట సగమే నొక్కమని వాళ్లకి చెప్పండి. జల్లెడ కన్నాల్లోంచి పెట్రోలు దిగుతూ ఉంటే అదే కన్నాల్లోంచి గాలి పైకి రావాలి. వేగం పెరిగితే రెండూ కొట్టుకుని నురగవుతుంది. నాజిల్‌ని జల్లెడ అడుగుదాకా గుచ్చకుండా, ఒక పక్క గోడకి ఆనించి పోస్తే రెండో పక్క గాలికి దారి మిగులుతుంది.

ఈ సందర్భంలోనే అడగకపోయినా చెప్పవలసిన మాట: డబ్బాని పికప్ వెనకో కారు డిక్కీలోనో ఉంచి నింపకండి. కింద ఉన్న ప్లాస్టిక్ తొడుగు, తివాచీ వల్ల డబ్బాలో చేరిన స్థిర విద్యుత్తు నేలలోకి దిగదు, నాజిల్ దగ్గర రవ్వ పుడుతుంది. నేలమీద పెట్టి, నాజిల్ లోహం డబ్బా నోటిని తాకుతూ ఉండగా, నాజిల్ మీటకి కొక్కెం వేసి వదిలేయకుండా చేత్తో పట్టుకుని నింపాలి.

ప్రశ్న: కారు దారిలో ఆగిపోతే డబ్బాతో పోద్దామంటే, మూత లేని ట్యాంకు నోరు తెరుచుకోవడం లేదు. (ఇల్లినాయ్)

జవాబు: ఆ రకం కార్లలో బంకు నాజిల్ అంత లావు గొట్టం పెడితేనే లోపలి రెక్కలు విడతాయి. డబ్బా గొట్టం సన్నం. చాలా కార్లతో పాటే ఒక ప్లాస్టిక్ గరాటు ఇస్తారు, తరచు స్పేర్ టైరు దగ్గరో జాకీ సంచిలోనో ఉంటుంది. ఎక్కడుందో కారు పుస్తకంలో రాసి ఉంటుంది. ముందు గరాటుని పూర్తిగా దించండి, తర్వాత దానిలో పోయండి. స్క్రూడ్రైవర్‌తో రెక్కలు తెరిస్తే సీల్ చెడి, చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది.

కొక్కెంతో నొక్కే రకం మూతికి గరాటు అంచు ఆగదు, ఒంగిపోతుంది. అప్పుడు మూతి మొత్తం విప్పేసి డబ్బా నోటినుంచే గరాటులో పోయవచ్చు, ఒక చిట్కా పాటిస్తే. ధార డబ్బా నోటిలో సగం మాత్రమే ఆక్రమించేంత మెల్లగా వంచండి. పై సగంలోంచి గాలి ప్రశాంతంగా లోపలికి పోతుంది, గుటక పడదు. బిందెలో నీళ్లు చెంబులోకి వంచేటప్పుడు చేతికి తెలిసిన పనే ఇది. 2 గ్యాలన్ల దాకా దీనికి మించిన పద్ధతి లేదు. అయిదు గ్యాలన్ల నిండు డబ్బాతో మాత్రం వద్దు.

ప్రశ్న: రెండేళ్లకే మూతి మొదట్లో కారుతోంది. సిలికాన్ పూశాను, వారానికి ఊడిపోయింది. (మిషిగన్)

జవాబు: మామూలు సిలికాన్ పెట్రోలుకి ఉబ్బి వదిలేస్తుంది. మూతి విప్పి చూడండి, డబ్బా నోటికీ మూతి గిన్నెకీ మధ్య చదునైన వాషర్ ఒకటుండాలి. ఎక్కువగా జరిగేది అది నింపేటప్పుడు జారి పడిపోవడం. ఉంటే, అది ఒక చోట నొక్కుకుపోయి మెరుస్తోందేమో చూడండి. కొత్తది వేసేటప్పుడు నైట్రైల్ లేదా విటాన్ రబ్బరుదే వేయాలి. కుళాయిల్లో వాడే ఇ.పి.డి.ఎం. అనే రబ్బరు వాషర్ అచ్చం అలాగే కనిపిస్తుంది, పెట్రోలు తగిలితే రోజుల్లో బొద్దుగా ఉబ్బుతుంది.

మూతి చుట్టును వేళ్లతో గట్టిగా తిప్పితే చాలు, ప్లయర్ పెట్టకండి. ప్లాస్టిక్ మర ఒకసారి అడ్డంగా ఎక్కితే ఇక కుదరదు. బిగించే ముందు వెనక్కి తిప్పి, టక్‌మని మర దిగిన చోటునుంచి ముందుకి తిప్పండి. మీ చలికి గొట్టం లోపలి ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు బిరుసెక్కి మీట మధ్యలో పట్టేస్తుంటే, ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాసి పదిసార్లు ఆడించండి. అప్పటికీ వదిలినప్పుడు పూర్తిగా మూసుకోకపోతే అదే కంపెనీ మూతి విడిగా దొరుకుతుంది. ఇంకో కంపెనీది పట్టినట్టే ఉంటుంది గాని, మర పూర్తిగా ఎక్కకపోవచ్చు.

కొత్త డబ్బా కొన్నరోజే, పెట్రోలు పోయకముందు, సగం నీళ్లు పోసి పక్కకి పడుకోబెట్టి పావుగంట చూడండి. కాగితం రుమాలు కింద పెడితే ఒక్క చుక్క కారినా తెలుస్తుంది. కారితే రసీదుతో వాపసు. కారకపోతే నీళ్లు ఒంపేసి, మూతి విడదీసి, ఒక రోజంతా ఆరనిచ్చాక వాడండి.

ప్రశ్న: కలుపు కోసే వీడ్ ట్రిమ్మర్ ట్యాంకు నోరు చాలా చిన్నది, ప్రతిసారీ పక్కకి పోతుంది. ఆయిల్ కలిపిన పెట్రోలు. (నార్త్ కరొలైనా)

జవాబు: దీనికి 1 గ్యాలన్ డబ్బా విడిగా పెట్టుకోండి, మీద "మిక్స్" అని రాయండి. పెట్రోలుకీ ఆయిల్‌కీ పాళ్లు 50:1 అయితే గ్యాలన్‌కి 2.6 ఔన్సుల ఆయిల్, 40:1 అయితే 3.2. సగం పెట్రోలు, తర్వాత ఆయిల్, తర్వాత మిగతా పెట్రోలు పోసి ఊపండి. ట్రిమ్మర్‌ని నోరు తిన్నగా పైకి వచ్చేలా పడుకోబెట్టండి. ట్యాంకు గోడ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి నోట్లోకి కాకుండా గోడ వైపు చూస్తూ పోయండి, ముప్పాతికకి ఆపండి. ఒలికితే తుడిచి, ట్రిమ్మర్‌ని పది అడుగులు దూరం తీసుకెళ్లాకే స్టార్ట్ చేయండి. తుడిచిన గుడ్డని చెత్తబుట్టలో కుక్కకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టండి.